మెమో మీద సంతకం పెట్టే ముందు

టెక్కలిలో ఒక ప్లీడరు గారి దగ్గర ముప్పై రెండేళ్లు గుమాస్తాగా ఉన్నాను. దావాలు, జవాబు దావాలు, అప్పీళ్లు, డిక్రీ అమలు కోరే ఈపీలు. మా ఉద్దానం మనుషుల కోపాలన్నీ కాగితాలై నా చేతుల మీదుగానే వెళ్లాయి. వేసిన అప్పీలును తీర్పు రాకముందే వెనక్కి తీసుకుంటున్నామని రాసిన మెమోలు మాత్రం తక్కువ. వాటిలో ఒకటి నాది.

పని మానేసి ఊరు చేరాక కూడా జనం కాగితాల కట్టలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. "తాతా, అప్పీలు తీసేసుకుందామని అనుకుంతన్నాం, ఏటంటారు?" అని అడుగుతారు. ఒక్కొక్కరినీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇవి. ముందు నా సంగతి చెబుతాను, తక్కినవి దాన్నిబట్టి అర్థమవుతాయి.

మా నాన్న పోయాక తోటను పెద్దమనుషుల ఎదుట నోటిమాటతో పంచుకున్నాం. రోడ్డు వైపు నాకు, సముద్రం వైపు తమ్ముడికి. వాడి తోటకు బండి వెళ్లాలంటే నా కొబ్బరి చెట్ల మధ్యనున్న గోర్జి తప్ప దారి లేదు. ఒక ఏడాది ఆడవాళ్ల మధ్య మాట పెరిగి, నేను ఆ గోర్జికి అడ్డంగా ముళ్లకంచె వేశాను. వాడు దావా వేశాడు. కింది కోర్టు గోర్జి వాడికి ఉందని డిక్రీ ఇచ్చింది. కాయ దింపుకోలేక నష్టపోయానని వాడు అడిగిన సొమ్ము మాత్రం ఇవ్వలేదు. నేను శ్రీకాకుళం జిల్లా కోర్టుకు అప్పీలు వెళ్లాను. ఆ సొమ్ము కోసం వాడు అక్కడే క్రాస్ అబ్జెక్షన్లు, అంటే నా అప్పీలులోనే తన ఎదురు అభ్యంతరాలు, వేశాడు. మూడేళ్లు వాయిదాలకు తిరిగాం. ఒకే బస్సులో కాశీబుగ్గ నుంచి వెళ్లి, ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్లం. మాటల్లేవు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే నా చెట్లూ వాడి చెట్లూ కలిసి పడి ఉన్నాయి. దేని కోసం కోర్టుకెక్కామో ఆ గోర్జి మొద్దుల కింద కనిపించలేదు. కరెంటు లేదు, తాగేందుకు నీళ్లు లేవు. నీళ్ల బండి లోపలి ఇళ్లకు వెళ్లాలంటే ఆ దారి తెరవాలి. గొడ్డలి పట్టుకుని నేనొక కొసనుంచి మొదలుపెట్టాను. రెండో కొసనుంచి తమ్ముడు, వాడి కొడుకులు నరుక్కుంటూ వస్తున్నారు. సాయంత్రానికి నడిమధ్యలో ఎదురుపడ్డాం. వాడు చెమట తుడుచుకుని అన్నాడు: "అన్నియ్యా, సెట్లన్నీ పడిపోనాయి. ఇంక గోర్జి మీద తగువెందుకు?"

ఆ రాత్రే అప్పీలు తీసేసుకుందామని నిర్ణయించుకున్నాను. అయినా మెమో వేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ రాత.

1. అప్పీలు తీసేసుకుంటే కింది కోర్టు డిక్రీ నిలబడుతుంది.

ఇది తెలియక నాశనమైనవాళ్లను చూశాను. మందస వైపు రైతు ఒకాయన, నలభై సెంట్ల జీడితోట మీద కింది కోర్టులో ఓడిపోయి అప్పీలు వేశాడు. పెళ్లి సంబంధం కుదిరే వేళ బంధువులు చేరి, కేసు తీసేయమని బతిమాలారు. తీసేశాడు. ఉత్తర్వులో "విత్‌డ్రా చేసుకున్నందున అప్పీలు డిస్మిస్" అని ఉంది. కేసు కొట్టేశారు కాబట్టి ఇక ఎవరికీ ఏమీ లేదని, తోట ఎప్పటిలాగే తన చేతిలో ఉంటుందని ఆయన నమ్మాడు. కొన్నాళ్లకు స్వాధీనం కోసం ఈపీ నోటీసు వచ్చింది, ఆ వెనకే కోర్టు అమీను వచ్చాడు. "కేసు లేదు కదా బాబూ!" అని ఆయన కోర్టు వరండాలో అడిగిన గొంతు నాకింకా గుర్తుంది.

లేనిది అప్పీలు ఒక్కటే. దావా ఉంది, దాని డిక్రీ ఉంది, ఇప్పుడు దానికి అడ్డు లేదు. మళ్లీ అప్పీలు వేద్దామన్నా, జిల్లా కోర్టుకు వెళ్లడానికి డిక్రీ తేదీ నుంచి ఉన్న గడువు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. అవి ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. అందుకే నా దగ్గరకొచ్చిన వాళ్లను మొదట ఒకటే అడుగుతాను: కింది కోర్టు డిక్రీ నకలు తెచ్చావా? అందులో ఉన్నది ఉన్నట్టు రేపటి నుంచి అమలైతే నువ్వు బతకగలవా? బతకగలనంటేనే మెమో సంగతి.

నా మటుకు నేను ఆ డిక్రీని తుఫాను తర్వాత మళ్లీ చదివాను. తమ్ముడి బండికి దారి ఇవ్వమంది, అంతే. నా చెట్టు ఒక్కటీ పోదు, నా సెంటు ఒక్కటీ తరగదు. అంత చిన్న డిక్రీ మీద మూడేళ్లు బస్సెక్కానని ఆ రాత్రి లాంతరు ముందు అర్థమైంది.

2. వెనక్కి తీసుకోవడం అప్పీలుదారు హక్కు.

జడ్జి గారు ఒప్పుకోరేమోనని కొందరు భయపడతారు. షరతుల్లేకుండా నా అప్పీలు నాకొద్దు అంటే, ఖర్చుల సంగతి తేల్చడం తప్ప, కుదరదనే అధికారం కోర్టుకు లేదు. ఈ మాట సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒరిస్సాదే ఆ కేసు, బిజూ పట్నాయక్ పేరుతో ఉన్న ఎన్నిక వ్యాజ్యం. పాత ప్లీడర్లు మా ఎదుట తరచుగా దాన్ని చెప్పేవారు.

దావా వేసినవాడే కింద ఓడి అప్పీలుకు వచ్చి, "నా దావానే వెనక్కి తీసుకుంటాను, కొత్తగా మళ్లీ వేసుకోనివ్వండి" అంటే మాత్రం అది వేరే వ్యవహారం. దావానే లేకుండా పోతే ఎదుటివాడు కష్టపడి గెలిచిన డిక్రీ కూడా పోతుంది. అందుకే కోర్టులు దానికి అంత తేలిగ్గా ఒప్పుకోవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు మొదటి రూలు ప్రకారం, మళ్లీ వేసుకునే అనుమతి లేకుండా దావా వదులుకున్నవాడికి అదే విషయం మీద కొత్త దావా ఉండదు. మెమోలో "అప్పీలు" అని రాయాల్సిన చోట "దావా" అని పడితే ఎంత తేడానో దీన్నిబట్టి చూసుకోండి. గుమాస్తాలకు చెబుతున్నాను, టైపు చేసిన కాగితాన్ని కక్షిదారుకు చదివి వినిపించాకే సంతకం పెట్టించండి.

3. నువ్వు వదిలేసినా ఎదుటివాడి క్రాస్ అబ్జెక్షన్లు వదలవు.

నాకు నాలుగు నెలలు పట్టింది దీని వల్లే. 41వ ఆర్డరు 22వ రూలులో స్పష్టంగా ఉంది: అసలు అప్పీలును వెనక్కి తీసుకున్నా, హాజరు లేక కొట్టేసినా, రెస్పాండెంటు, అంటే ఎదుటి పక్షం, వేసిన క్రాస్ అబ్జెక్షన్లను కోర్టు విని తేల్చవచ్చు. నేను ప్రేమ పొంగిపోయి అక్టోబరులోనే మెమో వేసి ఉంటే, తమ్ముడు అడిగిన నష్టపరిహారం కోర్టులో అలాగే ఉండేది. వాడికి ఆ ఉద్దేశం లేదు. వాడి పెద్దకొడుక్కి ఉంది. చెట్లు పడిపోయి చేతిలో రూపాయి లేని ఇంట్లో ఆ కుర్రాడు ఆ సొమ్మును ఆశించడంలో తప్పేమీ లేదు. ఆ సంగతి కూర్చుని మాట్లాడుకుని, వాడి క్రాస్ అబ్జెక్షన్లు, నా అప్పీలు ఒకే వాయిదాలో ఒకేసారి తీసుకోవాలని తేల్చుకున్నాం. దానికి బదులుగా ఆ ఏడాది నా జీడిలో రెండు బస్తాల పిక్కలు వాడికి ఇచ్చాను. 80 కిలోల బస్తాలు. అది కోర్టుకు సంబంధించింది కాదు, మా ఇంటి లెక్క.

4. ఒప్పుకున్న మాట డిక్రీలోకి ఎక్కాలి.

"అప్పీలు నువ్వు తీసేసుకో, తర్వాత నీకు ఆ మూల పది సెంట్లు రాసిస్తాను." ఈ మాట మీద నమ్మి మోసపోయినవాళ్లు పలాస, సోంపేట, టెక్కలి మూడు చోట్లా ఉన్నారు. అప్పీలు పోయింది, పది సెంట్లు రాలేదు, అడిగితే సాక్ష్యం లేదు. మాట ఇచ్చినవాడు మంచివాడే కావచ్చు, తర్వాత పోయాడు. వాడి కొడుకులకు ఆ మాటతో పని లేదు.

దీనికి చట్టంలో మంచి దారులున్నాయి. ఎదుటివాడి నుంచి ఏమీ ఆశించకుండా వదులుకునేవాడికి ఒట్టి మెమో చాలు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటే రాజీ పిటిషను వేయాలి. 1976 సవరణ తర్వాత రాజీ కాగితం మీద ఉండాలి, పక్షాల సంతకాలుండాలి. కోర్టు దాన్ని చూసి, సక్రమమే అనుకుంటే, రాజీ డిక్రీ ఇస్తుంది. దాని మీద అప్పీలుండదు. రాజీ చట్టబద్ధం కాదంటూ వేరే దావా వేయడానికీ వీల్లేదు.

ఇంకొకటి లోక్ అదాలత్. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం అక్కడిచ్చే అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. ఒట్టి విత్‌డ్రా మెమో మీద ఫీజు వస్తుందన్న ఖాయం లేదు. అప్పీలు వేయడానికి పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లను నేనెరుగుదును. అలాంటివాళ్లకు ఆ ఫీజు చిన్న సొమ్ము కాదు.

రాజీ రాసుకునేటప్పుడు మా వైపు జరిగే పొరపాటు ఒకటుంది. తగువు ఒక తోట మీద ఉంటే, రాజీలో "పనిలో పనిగా" ఊరి చివర పల్లపు మడిని, నుయ్యిని, ఇంటి స్థలాన్ని కూడా చేరుస్తారు. దావా షెడ్యూలులో లేని స్థిరాస్తి రాజీ డిక్రీలోకి వస్తే, ఆ మేరకు రిజిస్ట్రేషన్ కావాలి. చేయించకపోతే రేపు అమ్మబోయినప్పుడు, బ్యాంకులో పెట్టబోయినప్పుడు చిక్కు వస్తుంది. మా రాజీ మాటల్లో నుయ్యి సంగతి వచ్చింది. నేనే వద్దన్నాను, దాన్ని వేరే దస్తావేజుగా రాయించుకున్నాం.

5. ఒక్కడి సంతకం అందరి సంతకం కాదు.

అప్పీలుదారులు నలుగురుంటే, మిగతావాళ్లు ఒప్పుకోకుండా ఒకరు మొత్తాన్ని వెనక్కి తీసుకోలేరు. అన్నదమ్ములు రాజీపడి అక్కచెల్లెళ్లను మరిచిపోవడం మా దగ్గర పాత జబ్బు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పంపకం దావాలో ప్రతివాదిగా ఉన్న ఆడపడుచు కూడా, అన్న దావా వదిలేస్తే, తనను వాదిగా మార్చమని కోర్టును అడగవచ్చు. ఆమెను అడగకుండా చేసిన రాజీ ఇసక మీద కట్టిన అరుగు.

మైనర్లున్న చోట ఇంకా జాగ్రత్త. కొడుకు పోయి మనవళ్లు కక్షిదారులుగా ఉన్న కేసులో, పిల్లల తరఫున గార్డియన్ రాజీపడాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. అది లేని రాజీని ఆ పిల్లలు పెద్దయ్యాక తిరగదోడవచ్చు.

మావాళ్లలో సగం మంది ఊళ్లలో లేరు. హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో కూలికి, వెల్డింగుకు, ఓడరేవుల పనికి వెళ్లినవాళ్లు. "తమ్ముడు ఫోనులో ఒప్పుకున్నాడు" అంటే కోర్టు ఒప్పుకోదు. పవరాఫ్ అటార్నీ ఉంటే, అందులో రాజీపడే అధికారం, అప్పీలు వెనక్కి తీసుకునే అధికారం విడిగా రాసి ఉన్నాయో లేదో చూడండి.

6. ఖర్చులు, స్టే.

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, స్టే తెచ్చుకుంటేనే ఆగుతుంది. అప్పీలు పోయిన రోజునే ఆ స్టే కూడా పోతుంది. స్టే కోసం కోర్టులో సొమ్ము కట్టి ఉంటే అది ఎవరికి చెందాలో రాజీలోనే రాసుకోండి. "ఎవరి ఖర్చులు వారివి" అన్న మాట ఎదుటివారి ప్లీడరు ఎండార్సుమెంటులో ఉండేలా చూసుకోండి.

7. పన్నెండేళ్ల లెక్క.

ఇది గెలిచినవాళ్ల కోసం. అప్పీలు మీద విచారణ జరిగి తీర్పు వస్తే కింది డిక్రీ ఆ పై డిక్రీలో కలిసిపోతుంది. వెనక్కి తీసుకుంటే కలవదు, అమలు చేయాల్సింది కింది కోర్టు డిక్రీనే. ఈపీకి ఉన్న 12 ఏళ్ల గడువును ఆ కింది డిక్రీ తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. అప్పీలులో పదేళ్లు గడిచి, ఎదుటివాడు తీసేసుకున్నాడని సంతోషంగా ఇంట్లో కూర్చుంటే, మిగిలేది రెండేళ్లే.

8. ఆ రోజు నువ్వు కోర్టులో ఉండాలి.

వకాలతు ఫారంలో రాజీపడే, వెనక్కి తీసుకునే అధికారం ప్లీడరుకు ఇస్తున్నట్టు అచ్చులో ఉంటుంది. అయినా మా ప్లీడరు గారు కక్షిదారు సంతకం లేకుండా, అతను ఎదురుగా నిలబడకుండా విత్‌డ్రా మెమో ఒక్కటీ వేయలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో పెద్దది అదే. తప్పుడు నమ్మకంతో, పొరపాటున వెనక్కి తీసుకున్న సందర్భాల్లో ఆ ఉత్తర్వును రద్దు చేసే స్వతస్సిద్ధమైన అధికారం కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 2006లో జెట్ ప్లైవుడ్ కేసులో చెప్పింది. కానీ అది తలుపు మూసుకున్నాక తట్టడం. తెరుస్తారని నమ్మి బయటికి నడవకండి.

9. వెనక్కి తీసుకోకూడని అప్పీళ్లూ ఉన్నాయి.

రాజీ రాజీ అని అందరినీ వదులుకోమనేవాణ్ని కాను. భూసేకరణ పరిహారం విషయంలో ముఖ్యంగా. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. దానికి ముందూ తర్వాతా మా తీరంలో భూమి ధర, పరిహారం గురించి మాట్లాడని ఇల్లు లేదు. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం చాలదంటే అథారిటీకి వెళ్లవచ్చు, అక్కడ తేల్చింది నచ్చకపోతే 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వెళ్లవచ్చు. అలాంటి అప్పీలు వేసినవాడి దగ్గరకు మధ్యవర్తి వచ్చి, "తీసేసుకో, ఉద్యోగం చూస్తాం" అంటే, ఆ ఉద్యోగం ఏ కాగితం మీద ఉందో అడగండి. కాగితం లేకపోతే మెమో వద్దు. అలాగే బెదిరింపుకు లొంగి, అప్పులవాడి ఒత్తిడికి లొంగి తీసుకోవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్హులకు ప్లీడరును ఉచితంగా ఇస్తారు. ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, తుఫాను బాధితులు కూడా ఆ అర్హుల్లో ఉన్నారు. డబ్బు లేక అప్పీలు వదిలేస్తున్నామనే ముందు ఆ గుమ్మం ఎక్కండి.

10. మనిషి ఉండగానే.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తిందో బయటివాళ్లకు అంకెలుగా తెలుసు, మాకు పేర్లుగా తెలుసు. కవిటి వైపు ఇద్దరు వియ్యంకులు గట్టు తగువులో అప్పీలు దాకా వెళ్లారు. అందులో ఒకాయన డయాలసిస్ మీద ఉండేవాడు. వాయిదా రోజూ డయాలసిస్ రోజూ ఒకటే అయ్యేవి. రెండో ఆయన మా ఆఫీసులో కూర్చుని, వారం వారం అదే మాట: "తీసేసుకుందాం, ఈ వాయిదా కానీ." మూడు వాయిదాలు గడిచాయి. నాలుగోదానికి ఎదుటి వియ్యంకుడు లేడు. చనిపోయినవారి వారసులను 90 రోజుల్లో రికార్డు మీదకు తేకపోతే ఆ మేరకు అప్పీలు అబేట్ అవుతుంది, అంటే ఆగిపోతుంది. ఆ పిటిషను నేనే రాశాను. వియ్యంకుడి చోట కూతురి పేరు, అంటే తన కోడలి పేరు రాయాల్సి వచ్చింది. అప్పుడు ఆయన ఏడ్చిన ఏడుపు ముందే వచ్చి ఉంటే రెండు నిమిషాల మెమోతో పోయేది. ఆ తర్వాత తీసేసుకున్నాడు. చెప్పుకోవడానికి ఎదుటి మనిషి లేడు.

మా ఇద్దరి కాగితాలు 2019 ఫిబ్రవరిలో ఒకే వాయిదాలో వేశాం. ఆ ఏడాది జనవరి 1నే మన హైకోర్టు హైదరాబాదు నుంచి అమరావతికి వచ్చింది. గెలిచినా ఓడినా అక్కడి దాకా రెండో అప్పీలుకు పోతామని ఇద్దరం లోలోపల అనుకున్నవాళ్లమే. జడ్జి గారు తమ్ముణ్ని, నన్ను పిలిచి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. లేదన్నాం. అప్పీలు, క్రాస్ అబ్జెక్షన్లు రెండూ డిస్మిస్, ఎవరి ఖర్చులు వారివి. ఉత్తర్వు రెండు పంక్తులే.

మీ ఇంట్లో కూడా జిల్లా కోర్టులోనో హైకోర్టులోనో ఒక అప్పీలు పడి ఉంటే, కింది కోర్టు డిక్రీ నకలు బీరువాలోంచి తీసి ఈ వారంలో ఒకసారి చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. ఎదుటివాడు బతికే ఉన్నాడా, ఎలా ఉన్నాడు అని కనుక్కోండి.